2,16,000 కిలోమీటర్లు తిరిగిన పికప్‌ను కొని నాలుగున్నరేళ్లు నడిపాక

తూర్పు గోదావరి జిల్లా కడియం మండలంలో మాకు ఒక చిన్న నర్సరీ ఉంది. మొక్కలు చేరవేయడానికి 2021 ఫిబ్రవరిలో 2014 మోడలు డీజిల్ పికప్‌ను 3,40,000 రూపాయలకు కొన్నాను. అప్పటికి మీటరు 2,16,000 చూపిస్తోంది. ఇప్పుడు 3,02,000 దాటింది. బొలెరో పికప్, టాటా యోధ, అశోక్ లేలాండ్ దోస్త్ వంటి బండ్లు మా దారుల్లో నిత్యం తిరుగుతుంటాయి గాని, నాది ఏ కంపెనీదో ఇక్కడ రాయడం లేదు. రెండు లక్షలు దాటిన బండిలో కనిపించే మంచిచెడ్డల్లో తయారుచేసినవారి పాలు తక్కువ, నడిపినవారి పాలు ఎక్కువ.

కొనేముందు రెండు బండ్లు చూశాను. మొదటిది 1,10,000 తిరిగింది, రంగు వేసి నిగనిగలాడుతోంది, గృహ నిర్మాణ సామగ్రి దుకాణంలో ఇనుప చువ్వలు, సిమెంటు బస్తాలు మోసింది. రెండోది నాది, రాత్రిపూట జాతీయ రహదారి మీద మందుల పార్సిళ్లు తిప్పిన బండి. దీని ధర డెబ్బై వేలు తక్కువే అయినా, ఇంట్లోవారు, తోటి నర్సరీవారు అందరూ మొదటిదే తీసుకోమన్నారు. నేను మాత్రం లెక్క వేసి చూసుకున్నాను. ఏడేళ్లలో 2,16,000 అంటే రోజుకు సగటున 85 కిలోమీటర్లు. అందులో చాలా భాగం చివరి గేరులో ఒకే వేగంతో సాగిన ప్రయాణం, క్లచ్ తొక్కే పని తక్కువ, మందుల పెట్టెలు తొట్టిని నింపుతాయే తప్ప బరువు తూగవు. చువ్వల బండి అలా కాదు, ప్రతి సందులోనూ ఆగి, మట్టిలో మొదటి గేరుతో లాగి, మళ్లీ ఆగి తిరిగింది. దాని కింద పడుకుని చూసినప్పుడు వెనక కమాన్ కట్టల్లో (బరువు మోసే లీఫ్ స్ప్రింగుల్లో) కంపెనీ ఇవ్వని పట్టీలు రెండు అదనంగా కనిపించాయి. అదనపు పట్టీ వేయించుకున్నవాడు అదనపు బరువు వేయకుండా ఉంటాడా? పైగా కమాన్ కట్ట చాసీకి తగులుకునే చోట కొత్త నల్లరంగు కింద గోటికి ఒక గరుకు గీత తగిలింది. అది వెల్డింగు. ఆ బండి సంగతి అక్కడితో వదిలేశాను.

నాది చూడటానికి మాత్రం తెల్లవారుజామున, చెప్పిన సమయానికి గంట ముందే వెళ్లాను. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. వెచ్చగా ఉంటే ముందే స్టార్టు చేసి ఉంచారనీ, చలిలో అది ఎలా అందుకుంటుందో మనకు తెలియకుండా చేశారనీ అర్థం. "ఇంజను మీద చెయ్యి పడలేదండీ, ఇంకో లక్ష కళ్లు మూసుకుని తిరుగుద్దండి" అన్నారు బ్రోకరుగారు. ఇంజను నడుస్తుండగా మా మేస్త్రి ఆయిలు పోసే మూత విప్పి, దాన్ని అదే రంధ్రం మీద తిరగేసి పెట్టాడు. మూత కాస్త వణికింది గాని ఎగిరి పడలేదు. మూత గంతులు వేసినా, అక్కడి నుంచి పొగ బుస్సుమని వచ్చినా బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టు, అంటే పిస్టన్ రింగులు అరిగి మంట గాలి కిందికి జారుతున్నట్టు; ఆ తరవాత మిగిలేది ఇంజను విప్పి బోరు చేయించడమే, అంటే అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేయించడమే. పిదప రేడియేటరు మూత తీసి లోపల నూనె తెట్టు లేదని చూశాం, మూడో గేరులో గట్టు ఎక్కించి క్లచ్ జారుతోందని పట్టుకున్నాం, ఆ ఒక్క కారణంతో పదిహేను వేలు తగ్గించాం. మీటరు అంకెను నేను పెద్దగా పట్టించుకోలేదు. తిప్పాలనుకున్నవారు మీటరు తిప్పగలరు గాని బ్రేకు పెడలు రబ్బరునూ, డ్రైవరు సీటు అంచునూ, స్టీరింగు నునుపునూ తిప్పలేరు.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. రవాణా శాఖ వారి వాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొడితే ఫిట్‌నెస్, బీమా గడువులు, ఫైనాన్సు ఉన్నదీ లేనిదీ తెలుస్తాయి. చలాన్లు వేరేగా చూసుకోవాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 కావాలి, ఫైనాన్సు తీరిన బండికి ఫారం 35 కూడా కావాలి, తెలంగాణ నుంచి తెచ్చుకునే బండికైతే అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తప్పదు. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తరవాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి పాత బండి కొనేవారు ఏటా ఒక పని దినాన్ని, కొంత డబ్బును దానికి కేటాయించుకోవాలి. స్థూల బరువు (బండి, సరుకు కలిపి) 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహన) లైసెన్సుతో 7,500 కిలోల వరకు రవాణా వాహనం నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది కనుక, నాబోటి సొంతంగా నడుపుకునేవారికి ఆ బెంగ తీరింది.

ఇక అసలు ధర. కొన్న మొదటి ఆరు నెలల్లో క్లచ్ సెట్టుకు 11,500, నాలుగు టైర్లకు 24,000, కమాన్ కట్టల పనికి 9,000, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకూ సెంటర్ బేరింగుకూ 4,200, నీళ్ల పంపుకూ గొట్టాలకూ 6,300, బ్యాటరీకి 6,000, మొత్తం 61,000 అయింది. బీమా, పేరు మార్పు కలిపి మరో 27,000. కాబట్టి నేను కొన్నది 3,40,000 రూపాయల బండి కాదు, 4,28,000 రూపాయల బండి. ఈ రెండో అంకె చేతిలో లేనివారు మొదటి అంకెకు బేరమాడకూడదని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఉన్నదంతా అమ్మినవారి చేతిలో పోసి, అరిగిన టైర్లతోనే బాడుగకు తిరిగే బండ్లను మా కడియపులంక సెంటరులో రోజూ చూస్తున్నాను.

పార్సిళ్లతో ఏడేళ్లు సుఖపడిన బండిని నేను ఏడాదిలోనే అలుపెక్కించాను. ఆ తప్పు నాదే. మొక్కలు చూపుకు తేలిక. నీళ్లు తాగిన మట్టితో పెద్ద నల్ల కవరు ఒక్కొక్కటి పది పన్నెండు కిలోలు తూగుతుందని తెలిసి కూడా, తొట్టిలో ఖాళీ ఉంది కదా అని 140 కవర్లు పేర్చేవాణ్ని. ఒకసారి దారిలో కాటా కనబడితే ఊరికే తూయించాను: సరుకు 1,640 కిలోలు. బండి మోయవలసింది 1,250. ఆ వారమే పంపకానికి ముందురోజు తడి పెట్టడం మానేశాను, కవర్ల లెక్క వందకు దించాను.

అంతకంటే పెద్ద పాఠం మారేడుమిల్లి ఘాట్‌లో నేర్చుకున్నాను. 2,61,000 దగ్గర కూలెంటు వారానికి అర లీటరు తగ్గుతూ వచ్చింది. ఎక్కడా కారడం లేదు కనుక పోస్తూ పోయాను. కారకుండా తగ్గుతోందంటే లోపల కాలుతోందని మేస్త్రి తరవాత చెప్పాడు. ఒక మే నెల మధ్యాహ్నం రెండో గేరులో ఎక్కుతుండగా వేడి ముల్లు ఎర్రగీతను తాకింది, పొగగొట్టం నుంచి తెల్లటి ఆవిరి వచ్చింది. వెంటనే ఇంజను ఆపాను, అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచిపని. తొట్టిలో గులాబీలు, నూరు వరహాలు, క్రోటన్లు ఎండకు వడలిపోతుంటే, పక్కనున్న వాగు నుంచి ప్లాస్టిక్ డబ్బాతో నీళ్లు తెచ్చి, సాయంత్రం దాకా వాటికి చల్లుతూ కూర్చున్నాను. హెడ్ గ్యాస్కెట్ (ఇంజను తల కింది సీలు), హెడ్ ఫేసింగ్ (ఆ తలను చదును చేయించడం), తాడు కట్టి కిందికి లాగించిన ఖర్చు కలిపి 23,000 పోయింది.

మిగతాది ఫిర్యాదు చేయదగినంత లేదు. ఖాళీగా లీటరుకు 14, సరుకుతో 11 కిలోమీటర్లు ఇచ్చింది. పాత రకం ఇంజను కనుక ఏ ఊళ్లో ఆగినా చూడగలిగిన మెకానిక్ దొరికాడు. 2020 ఏప్రిల్ తరవాతి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ బండిని వాడినది కొనేవారు మాత్రం పొగగొట్టంలోని మసి వడపోత పరిస్థితిని కంప్యూటరు పెట్టి చూపించుకోవాలి. మా పనికి తొట్టి నేల ఒక్కటే ఓడిపోయింది. ఎరువు కలిసిన నీరు కారి కారి రేకు తినేసింది, రెండుసార్లు మార్పించాను.

ఇవాళ నేను ఇదే పని మళ్లీ చేస్తానా అంటే, రోజుకు యాభై అరవై కిలోమీటర్లు, సొంత సరుకు, పక్కనే నమ్మకమైన మేస్త్రి ఉన్నవారికి చేయమనే చెబుతాను. తెల్లారేసరికి మార్కెట్టులో కూరగాయలు దింపవలసినవారు, ఒక్క రోజు బండి ఆగితే వాయిదా తప్పేవారు దీని జోలికి వెళ్లకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి, పాత బండి అమ్మేవారు ఇంకా అంతకుముందు ధరే చెబుతుంటే ఒప్పుకోవద్దు.

నా బండిలో రెండు నెలలుగా బ్యాక్ కంప్రెషన్ మొదలైంది. బోరు చేయించడానికి మేస్త్రి 65,000 చెప్పాడు, నేను అమ్మకానికే మొగ్గాను. నిన్న వేమగిరి నుంచి ఒక రైతు వచ్చి 1,90,000 ఇస్తానన్నారు. ఆయన అడగకముందే ఇంజను స్టార్టు చేసి, ఆయిలు మూత విప్పి తిరగేసి పెట్టాను. అది టకటకమని ఎగిరి కింద పడింది. ఆయన దాన్ని తీసి తుడిచి నా చేతిలో పెట్టి, రేపు తమ మెకానిక్‌ను వెంటబెట్టుకుని వస్తానని చెప్పి వెళ్లారు.