షాపుకు స్మార్ట్ మీటరు: ఏడాది వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. మీటరు మంచిది. తెచ్చి బిగించిన తీరు బాగాలేదు. ఇది మనకు లాభమా నష్టమా అన్నది మాత్రం మీటరులో లేదు, కరెంటు రేట్లు, షరతులు తేల్చే విద్యుత్ నియంత్రణ మండలి ఇవ్వబోయే ఆదేశాల్లో ఉంది. అందుకే ఈ రివ్యూలో మీటరుతో పాటు వాటి గురించి కూడా రాస్తున్నాను.

మాది ఆంధ్రాలో ఒక మండల కేంద్రం. బస్టాండు వెనక వీధిలో ఐస్‌క్రీం, కూల్‌డ్రింక్ షాపు నడుపుతున్నాను. మూడు డీప్ ఫ్రీజర్లు, రెండు విజీ కూలర్లు (అద్దం తలుపు కూల్‌డ్రింక్ ఫ్రిజ్‌లు), ఒక ఏసీ. కాంట్రాక్టెడ్ లోడు, అంటే ఒకేసారి ఇంతవరకే వాడతామని రాయించుకున్న పరిమితి, 3 కిలోవాట్లు. అద్దె తర్వాత పెద్ద ఖర్చు కరెంటే. మా కేటగిరీలో నెలకు 500 యూనిట్లు దాటితే ఆ పైన యూనిట్‌కు 10 రూపాయలకు పైనే పడుతుంది. వేసవిలో మేం ఎప్పుడూ అక్కడే ఉంటాం.

బిగించిన రోజు సంగతి త్వరగా చెప్పేస్తాను. ముందు కబురు లేదు. మంచి గిరాకీ టైములో ఇద్దరు కుర్రాళ్లు నిచ్చెన వేసుకుని వచ్చి పాత మీటరు విప్పడం మొదలుపెట్టారు. పాత మీటరు చివరి రీడింగ్ రాసి సంతకం పెట్టిన కాగితం ఇవ్వమంటే, ‘అక్కా, సిస్టంలో ఉంటుంది’ అన్నారు. కాగితం ఇచ్చేదాకా నేను కదల్లేదు. మీరూ అడగండి. పాత మీటరు, కొత్త మీటరు రెండూ కనిపించేలా, సీరియల్ నంబర్లతో ఫొటో తీసుకోండి. తర్వాత యాప్‌లో నా సర్వీసు నంబరుకు వేరే వాళ్ల ఫోన్ నంబరు తగిలించి ఉంది. కరెంటు ఆఫీసుకు వెళ్తే కాంట్రాక్టరును అడగమన్నారు, కాంట్రాక్టరు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే కరెంటు ఆఫీసుకు వెళ్లమన్నారు. అది సరయ్యేసరికి రెండు బిల్లులు వచ్చేశాయి. ఇంత పెద్ద పని పెట్టుకున్నప్పుడు వినియోగదారుడికి ఒక్క మనిషి కూడా జవాబుదారీగా లేకపోవడం చాలా తప్పు.

యాప్ తెరుచుకున్నాక మాత్రం నిజంగా పనికొచ్చింది. అరగంటకోసారి ఎంత కరెంటు వాడామో గీతలా కనిపిస్తుంది. రాత్రి షాపు మూశాక లైట్లు, ఏసీ ఉండవు, ఫ్రీజర్లు, కూలర్లే నడుస్తాయి. కంప్రెసర్లు ఆగుతూ నడుస్తూ ఉంటే గీత ఎగుడుదిగుడుగా ఉండాలి. మాకు తెల్లవార్లూ ఒక ఎత్తు కన్నా కిందికి దిగడమే లేదు. అంటే ఏదో ఒక కంప్రెసరు ఆగడమే లేదు. ఒక్కో రాత్రి ఒక్కో ఫ్రీజరు ఖాళీ చేసి ఆపి చూశాం. మూలనున్న పాత ఫ్రీజరు తలుపు రబ్బరు ఒకవైపు గట్టిపడి సరిగా అతుక్కోవడం లేదు. మెకానిక్‌ను పిలిచి కొత్త రబ్బరు వేయించాం. నెలకు సుమారు 150 యూనిట్లు తగ్గాయి. నెలకోసారి కాగితం చింపి ఇచ్చే స్పాట్ బిల్లింగ్‌లో ఈ సంగతి ఎన్నటికీ బయటపడేది కాదు.

‘స్మార్ట్ మీటరు గిర్రున తిరుగుతుందట కదా’ అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. మా పాత మీటరూ ఎలక్ట్రానిక్‌దే, అందుకే యూనిట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏళ్ల తరబడి వాడిన చక్రం మీటరు మార్చిన వాళ్లకు తేడా కనిపించవచ్చు. మీకు అనుమానం ఉంటే బిల్లు మొత్తం రూపాయలు చూడకండి. గత ఏడాది అదే నెల యూనిట్లు, ఈ ఏడాది యూనిట్లు పక్కపక్కన పెట్టి చూడండి. రూపాయల్లో సర్దుబాటు చార్జీలు కలిసి ఉంటాయి. మన రాష్ట్రంలో ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగిందని నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా ఇంధన సర్దుబాటు వసూలు చేశారు. 2025 నవంబరు నుంచి 13 పైసలు వెనక్కి ఇమ్మని మండలి ఆదేశించింది. ఆ పెరుగుదలకు గానీ ఈ తగ్గుదలకు గానీ మీటరుతో సంబంధం లేదు.

అయినా నమ్మకం కుదరకపోతే 2024లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు మన వైపే ఉన్నాయి. రీడింగ్ మీద ఫిర్యాదు ఇస్తే ఐదు రోజుల్లోగా పక్కన ఇంకో మీటరు పెట్టాలి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చి చూడాలి. ఇలా పోల్చడానికి పెట్టే చెక్ మీటరు కావాలని రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగితే జరగదు.

చిన్న షాపుల వాళ్లు అసలు భయపడాల్సింది యూనిట్ల గురించి కాదు, మాగ్జిమం డిమాండ్ గురించి, అంటే నెలలో అన్నిటికన్నా ఎక్కువ కరెంటు లాగిన అరగంట అంకె గురించి. కరెంటు పోయి వచ్చిందంటే మా ఫ్రీజర్లు, కూలర్లు, ఏసీ అన్నీ ఒక్కసారే అందుకుంటాయి. అన్నీ కలిపి ఆ అరగంటలో మూడున్నర కిలోవాట్లు దాటుతోంది. పాత రోజుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు తేదీతో, టైముతో రికార్డవుతుంది. అవే నిబంధనలకు 2023 జూన్‌లో చేసిన సవరణ ప్రకారం, స్మార్ట్ మీటరు పెట్టకముందు కాలానికి ఈ లెక్క చూపించి జరిమానా వేయకూడదు. ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు కాంట్రాక్టెడ్ లోడు దాటితేనే దాన్ని పెంచాలి, అదీ దాటిన నెలల్లో అన్నిటికన్నా తక్కువ అంకె ప్రకారం. ఒక్కసారి దాటినందుకే అదనపు లోడు కట్టమని నోటీసు వస్తే ఈ నిబంధన చూపించండి. మేం ఇప్పుడు కరెంటు రాగానే ఏసీ వేయం. ఫ్రీజర్లు ఒకటి తర్వాత ఒకటి, పది నిమిషాల తేడాతో ఆన్ చేస్తాం. ఖర్చు లేని పని, డిమాండ్ 3 లోపే ఉంటోంది.

ఇక రాబోయే నిర్ణయాలు. మొదటిది పగటి రేటు, రాత్రి రేటు. అదే 2023 సవరణలో కేంద్రం ఒక చట్రం ఇచ్చింది. ఎండ ఉన్న ఎనిమిది గంటల్లో మామూలు రేటు కన్నా కనీసం 20 శాతం తగ్గించాలి. వాడకం ఎక్కువగా ఉండే పీక్ గంటల్లో వ్యాపార, పారిశ్రామిక సర్వీసులకు కనీసం 1.2 రెట్లు, మిగతా వాళ్లకు కనీసం 1.1 రెట్లు వేయాలి. వ్యవసాయానికి మినహాయింపు. 10 కిలోవాట్లు దాటిన వ్యాపార, పారిశ్రామిక సర్వీసులకు 2024 ఏప్రిల్ 1, మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 గడువుగా పెట్టారు. స్మార్ట్ మీటరు ఉన్నచోటే ఇది కుదురుతుంది. ఏ గంటలు, ఎంత రేటు, ఎవరెవరికి అన్నది మాత్రం రాష్ట్ర మండలి తన టారిఫ్ ఆర్డరులో, అంటే రేట్ల ఆదేశంలో తేల్చాలి.

దీన్ని నా షాపుకు లెక్కేసి చూశాను. మామూలు రేటు 10 రూపాయలు అనుకుంటే ఎండ వేళ 8, సాయంత్రం పీక్‌లో 12 అవుతుంది. యాప్ ప్రకారం మా వాడకంలో సుమారు 40 శాతం ఆ ఎండ గంటల్లోనే ఉంది, పావు వంతు సాయంత్రం ఆరు నుంచి పది మధ్య. అంటే సగటున యూనిట్‌కు 30 పైసలు మిగులుతుంది. మధ్యాహ్నం థర్మోస్టాట్ గట్టిగా తిప్పి ఫ్రీజర్లను బాగా గడ్డకట్టించి, సాయంత్రం కాస్త తగ్గిస్తే ఇంకొంచెం మిగులుతుంది. కానీ మా ఎదురుగా ఉన్న ఫాస్ట్‌ఫుడ్ సెంటరు సాయంత్రం ఐదింటికి తెరుస్తారు. వాళ్లకు తగ్గింపు వేళలో వాడకమే ఉండదు, పెంపు వేళలోనే వ్యాపారమంతా. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ పనికెళ్లి చీకటి పడ్డాక ఇంటికొచ్చే కుటుంబాలదీ అదే పరిస్థితి. కాబట్టి నాకు లాభమైనా సరే, చిన్న సర్వీసులకు మొదటి ఏడాది తగ్గింపు మాత్రమే ఇచ్చి, పెంపు ఆపాలని నేను కోరుతున్నాను. జనం వాడకం మార్చుకోవడానికి ఆ ఏడాది కావాలి.

రెండోది ప్రీపెయిడ్. ఈ మీటర్లకు కేంద్రం డబ్బు ఇచ్చే పథకం 2021లో 3,03,758 కోట్ల అంచనాతో వచ్చింది, అందులో 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు లక్ష్యంగా పెట్టారు. మాకు ఇప్పటికి నెలాఖరు బిల్లే వస్తోంది. రేపు ప్రీపెయిడ్‌కు మారిస్తే, అర్ధరాత్రి బ్యాలెన్స్ అయిపోయి కరెంటు ఆగితే నా మూడు ఫ్రీజర్ల సరుకు తెల్లారేసరికి నీళ్లు. రాత్రిపూట, సెలవు రోజుల్లో సరఫరా ఆపకూడదని, బ్యాలెన్స్ తగ్గితే ఫోన్‌కు ముందే మెసేజ్ రావాలని ఆదేశంలో అక్షరాలా రాయాలి. ఇంకోటి, 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం ప్రీపెయిడ్ మీటరుతో సరఫరా తీసుకోవడానికి సిద్ధపడిన వాళ్ల దగ్గర సెక్యూరిటీ డిపాజిట్ అడగకూడదు. మరి మేం ఇప్పటికే కట్టిన డిపాజిట్ మారిన నెలలోనే బిల్లులో సర్దాలి. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు, మా చిన్న షాపుల వాళ్లకు అది తక్కువ డబ్బేం కాదు.

మూడోది కేంద్రం 2025 అక్టోబరులో బయటపెట్టిన విద్యుత్ సవరణ బిల్లు ముసాయిదా. ఒకే లైన్ల మీద ఒకటికి మించి పంపిణీ సంస్థలు కరెంటు అమ్మొచ్చని, అసలు ఖర్చుకు తగ్గట్టు రేట్లు ఉండాలని అందులో ఉంది. పరిశ్రమలు, రైల్వేలు, మెట్రోల మీద పడే క్రాస్ సబ్సిడీని (వేరే వాళ్లకు చవగ్గా ఇవ్వడానికి వీళ్ల దగ్గర తీసుకునే అదనపు రేటును) ఐదేళ్లలో తీసేయాలని కూడా ఉంది. ఆ భారం దిగితే ఎవరి మీదకు వస్తుందో ఇంట్లో బొగ్గు పొయ్యి వదిలి కరెంటు పొయ్యి కొన్న వాళ్లు కూడా అడగాలి. దీనికి తోడు, డిస్కంలకు (కరెంటు పంపిణీ సంస్థలకు) వినియోగదారుల నుంచి ఇంకా రావాల్సిన పాత ఖర్చుల బకాయిలను 2024 ఏప్రిల్ నుంచి లెక్కపెట్టి ఏడేళ్లలోపు తీర్చేయాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. వసూళ్లు పక్కకు నెట్టుకుంటూ పోవడం ఇక కుదరదు.

ఇవన్నీ చెప్పుకోవడానికి చోటు ఉంది. ఏటా నవంబరు చివరికి డిస్కంలు వచ్చే ఏడాది రాబడి, ఖర్చుల లెక్క మండలికి ఇస్తాయి. పేపర్లో ప్రకటన వస్తుంది. అభ్యంతరాలు రాసి పంపాలి, ఆ తర్వాత బహిరంగ విచారణ. కొత్త రేట్లు ఏప్రిల్ 1 నుంచి. మన మండలి ఆఫీసు కర్నూలులో ఉంది, కానీ అంత దూరం వెళ్లనక్కర్లేదు, విచారణలో వీడియో కాన్ఫరెన్స్‌లో మాట్లాడొచ్చు. ‘చార్జీలు పెంచొద్దు’ అని ఒక్క వాక్యం పంపితే దానికి జవాబు కూడా ఒక్క వాక్యమే వస్తుంది. యాప్‌లో మీ నెల వాడకం గీత ఫొటో జతచేసి, ఈ గంటలకు ఈ రేటు వేస్తే నాకింత భారం అని లెక్క రాసి పంపండి. నేను పగటి రేటు, ప్రీపెయిడ్‌లో రాత్రి సరఫరా ఆపడం, డిపాజిట్ ఈ మూడింటి మీదా రాసి పెట్టుకున్నాను, వీధిలో మరికొందరితో సంతకాలు చేయిస్తున్నాను.

మీటరుకు 4 స్టార్లు. యాప్‌కు 3, తెలుగులో లేనందుకు రెండు తగ్గించాను. బిగించిన సర్వీసుకు 1. మీ షాపుకు పెట్టడానికి వస్తే అడ్డుకోకండి, కానీ చివరి రీడింగ్ కాగితం, ఫొటో, సరైన ఫోన్ నంబరు, ఈ మూడూ అయ్యాకే వాళ్లను పంపండి. ప్రీపెయిడ్ షరతుల మీద ఆర్డరు వచ్చాక ఈ స్టార్లు మార్చి మళ్లీ రాస్తాను.