తూకంలో గుడ్డ: అనంతపురం పాతవూరి కట్‌పీసుల అంగడి

అనంతపురం పాతవూరిలో బట్టల అంగళ్లకు కొదవ లేదు గానీ, మీటర్ల లెక్కన కాకుండా కాటాలో వేసి కిలోల లెక్కన గుడ్డ అమ్మేవి కొన్నే ఉన్నాయి. వాటిలో ఒకదాని గురించి రాస్తున్నాను. దానికి బోర్డు లేదు. టవర్‌క్లాక్ వైపు నుంచి పాతవూరిలోకి వెళ్లి, తూకం కట్‌పీసులు ఎక్కడ దొరుకుతాయని ఏ టైలరు నడిగినా దారి చెబుతారు. ఇంట్లో కుట్టు మిషను ఉండి, గలీబులు, చేతి సంచులు, మసిగుడ్డలు, శుభకార్యాల్లో పంచిపెట్టే చిన్న కానుకలు సొంతంగా కుట్టుకోవాలనుకునేవారికి ఈ అంగడి ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ జేబుకు చిల్లు పెడుతుందో చెప్పడమే నా ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఏం కుట్టాలో, దానికి ఎంత కొలత కావాలో చీటీ రాసుకొని వెళ్లినవారికి ఇది నిజంగా చవక, ఊరికే చూసి వద్దామని వెళ్లినవారు మాత్రం ఎందుకూ పనికిరాని మూటతో తిరిగివస్తారు.

అంగడి అంటే ఒక పొడవాటి గది, అంతే. గోడల వెంట గోనెసంచులు, నడుమ నేలమీద కుప్పలు, గుమ్మం పక్కన ఎలక్ట్రానిక్ కాటా. కూర్చోబెట్టి ఒక్కొక్కటీ విప్పి చూపించే మర్యాదలు ఇక్కడ లేవు. కుప్పలో చెయ్యి పెట్టి మనమే ఏరుకోవాలి. నూలు ముక్కల్లో చాలావరకు తానుల చివర మిగిలినవి, కొన్ని రెడీమేడ్ బట్టలు కుట్టే యూనిట్ల కత్తిరింపులు. జీన్సు ముక్కలు రాయదుర్గం నుంచి వస్తాయి. బళ్లారికి చేరువలోని ఆ ఊళ్లో జీన్సు కుట్టడం ఎన్నో కుటుంబాలకు జీవనాధారం కనుక కత్తిరింపులకు లోటుండదు. పట్టు ముక్కలు ధర్మవరానివని చెబుతారు. ఆ సంగతి విడిగా రాయవలసినంత ఉంది.

నేను కొన్నప్పుడు నూలు ముక్కలు కిలో 240 రూపాయలు, జీన్సు 90, పట్టు 700. ఈ ధరలు చూసి చవక అనో ప్రియం అనో తేల్చుకోవడానికి ముందు చిన్న లెక్క వేసుకోవాలి. చదరపు మీటరుకు 120 గ్రాములుండే మామూలు పాప్లిన్ 44 అంగుళాల పన్నాలో (వెడల్పులో) మీటరుకు సుమారు 135 గ్రాములు తూగుతుంది. అంటే కిలోకు ఏడు మీటర్లకు పైగా వస్తుంది; మీటరు 33 రూపాయలకు పడినట్లు. ముక్కలు వంకరటింకరగా ఉంటాయి కాబట్టి నాలుగో వంతు తరుగు కింద పోయిందనుకున్నా 45 రూపాయలు దాటదు. తాను మీద కొనబోతే ఆ రకం గుడ్డ మీటరు నూరు రూపాయలకు తక్కువ నాకు అప్పట్లో దొరకలేదు. అదే 250 గ్రాముల దళసరి డ్రిల్లు గుడ్డను ఇదే ధరకు తూయించుకుంటే కిలోకు మూడున్నర మీటర్లే వస్తుంది, దాంతో లాభం సగానికి సగం తగ్గిపోతుంది. చేతికి బరువుగా, గట్టిగా తగిలేదే మంచి గుడ్డ అని మనకొక నమ్మకం ఉంది. తూకంలో కొనేచోట మాత్రం పలచని గుడ్డే కలిసివస్తుంది. గంజి సంగతి కూడా మరవకూడదు. ముక్కను రెండు చేతుల మధ్య పెట్టి గట్టిగా నలిపితే తెల్లటి పొడి రాలిందంటే, మనం గుడ్డతో పాటు గంజిని కూడా కిలో 240కి కొంటున్నామని అర్థం.

నూలు ముక్కలతో కుట్టదగినవాటిలో నేను మొదట చెప్పేది తాంబూలం సంచి. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు ఇప్పుడు డజన్ల లెక్కన కొంటున్న నాన్‌వోవెన్ సంచులు చూడటానికి గుడ్డలా ఉన్నా, అవి పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే; చదరపు మీటరుకు 60 గ్రాముల కన్నా పలచనివాటిని 2021 సెప్టెంబరు 30 నుంచి కేంద్రం నిషేధించింది కూడా. నూలు సంచి అయితే తీసుకున్నవారు కూరగాయలకో, పిల్లల పలకా బలపాలకో వాడుకుంటారు. టెంకాయ, వక్కాకు, రవికె గుడ్డ పట్టాలంటే 11 అంగుళాల వెడల్పు, 26 అంగుళాల పొడవు గల ముక్క ఒకటి, పిడుల కోసం 3 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు గల పట్టీలు రెండు కావాలి. పొడవాటి ముక్కను నడిమికి మడిచి పక్కలు కుట్టి, అడుగు మూలలు రెంటినీ త్రికోణంగా తీసి, మూడంగుళాల పొడవున అడ్డంగా కుట్టు వేస్తే సంచి కూలబడకుండా నిలబడుతుంది, టెంకాయ ఒక పక్కకు ఒరిగిపోదు. ఈ కొలతకు, తరుగు పోను, కిలో గుడ్డలో పాతిక సంచులు తేలికగా వస్తాయి. గుడ్డ ఖర్చు సంచికి పది రూపాయల లోపే. శ్రమకు వెల కట్టుకుంటే లెక్క మారుతుందని కొందరంటారు. మారుతుంది, నిజమే, కానీ మధ్యాహ్నం పూట ఇద్దరు తోడికోడళ్లు కూర్చొని ఒకరు కత్తిరిస్తూ, ఒకరు కుడుతూ ఉంటే ఆ వెల ఎవరు కడతారు?

గలీబుల విషయంలో ఈ అంగడి ముక్కలతో ఒక చిక్కు ఉంది. తాను మీద కొన్న గుడ్డకు నేత అంచు ఉంటుంది కాబట్టి పడుగు (నిలువు పోగులు) ఎటో, పేక (అడ్డ పోగులు) ఎటో చూడగానే తెలుస్తుంది. ఇక్కడి ముక్కల్లో చాలావాటికి అంచు ఉండదు. అప్పుడు ముక్కను రెండు వైపులా లాగి చూడాలి. తక్కువ సాగేది పడుగు వైపు, కాస్త ఎక్కువ సాగేది పేక వైపు, మూలకు మూల లాగితే అన్నిటికన్నా ఎక్కువ సాగుతుంది. పడుగు పొడవుగా వచ్చేటట్లు కత్తిరించకపోతే గలీబు రెండు ఉతుకులకే మెలి తిరుగుతుంది, సంచి పిడి సాగి తాడులా తయారవుతుంది. నూలు గుడ్డ తొలి ఉతుకులో మీటరుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల దాకా ముడుచుకుపోవడం మామూలే కనుక, కొన్న ముక్కలన్నిటినీ రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టాలి. ఎరుపు, మెరూన్, ముదురు నీలం ముక్కలను ముందుగా విడివిడిగా తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే వాటిని లేతరంగు ముక్కల పక్కన పెట్టి కుట్టవద్దు. ముక్కల బొంత కుట్టాలనుకునేవారికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, ఎందుకంటే అందులో ఒక్క ముక్క రంగు దిగినా బొంతంతా పాడవుతుంది.

నన్నడిగితే, ఈ అంగడికి వెళ్లడానికి అసలు కారణం జీన్సు ముక్కలే. కిలో 90 రూపాయలకు ఇంత గట్టి గుడ్డ మరే రూపంలోనూ దొరకదు. దీనితో మసిగుడ్డలు కుట్టాలి. మార్కెట్లో మసిగుడ్డల పేరుతో అమ్మేవాటిలో పైన పాలియెస్టరు, లోపల సింథటిక్ దూది పెట్టినవి చాలా ఉన్నాయి. మంట తగిలితే పాలియెస్టరు కరిగి చర్మానికి అంటుకుంటుంది. జీన్సు ముక్కలు రెండు, ఒక్కొక్కటి ఎనిమిది అంగుళాల చదరం, వాటి మధ్య పాత నూలు తువ్వాలు రెండు మడతలు పెట్టి, నాలుగు వైపులా కుట్టి, మూలల మీదుగా అడ్డుకుట్లు రెండు వేస్తే అన్నం గిన్నె దించడానికి, పెనం పట్టుకోవడానికి అద్భుతంగా పనిచేస్తుంది. తడిసిన మసిగుడ్డ వేడిని ఆపదు కనుక జంటగా కుట్టుకొని ఒకటి ఆరేలోపు రెండోది వాడుకోవాలి.

అయితే జీన్సులోనూ ఏరుకోవడం తెలియాలి. పూర్తి నూలు జీన్సుతో పాటు సాగే జీన్సు కూడా అదే కుప్పలో పడి ఉంటుంది, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. జీన్సులో పడుగు నీలం, పేక తెలుపు. ముక్క అంచు నుంచి ఒక తెల్ల పోగును గోటితో పీకి, లాగి వదలండి. అది తిరిగి మెలికలు చుట్టుకుంటూ ముడుచుకుపోతే అందులో లైక్రా ఉన్నట్లు. అలాంటి ముక్క పొయ్యి దగ్గరకు రాకూడదు, సంచులకు మాత్రం పనికొస్తుంది. పాంటు కాలు వెంట ఉండే దళసరి కుట్టు ఉన్న ముక్కలను చాలామంది పక్కన పడేస్తారు. ఆ కుట్టును అటూ ఇటూ అర సెంటీమీటరు వదిలి కత్తిరిస్తే, మసిగుడ్డ మేకుకు తగిలించే ఉంగరానికి తయారైన పట్టీ దొరుకుతుంది, వేరే కుట్టవలసిన పని లేదు. మిషనులో మామూలుగా ఉండే 14 నంబరు సూదిని తీసి 16 వేసుకోవాలి. నాలుగైదు మడతలు కలిసే చోట కుట్టబోయేముందు చిన్న సుత్తితో మెల్లగా కొట్టి పలచన చేస్తే సూది విరగదు. కాలితో తొక్కే పాత మిషను ఈ పనికి కొత్తగా వస్తున్న తేలికపాటి ఎలక్ట్రిక్ మిషన్ల కన్నా మేలు. ఆ బుల్లి మిషన్లు జీన్సు మడతల దగ్గరకు రాగానే మొరాయిస్తాయి.

ఇక పట్టు. ధర్మవరం చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉన్న సంగతి జిల్లాలో అందరికీ తెలిసిందే, ఆ పేరుకున్న విలువ కూడా తెలిసిందే. ఈ అంగడిలో ఆ పేరు చెప్పి కిలో 700కు అమ్మిన ముక్కల్లో నాకు వచ్చినవాటిని ఇంటికి తెచ్చి పరీక్షిస్తే సగానికి పైగా పాలియెస్టరని తేలింది. పరీక్ష ఎవరైనా చేయవచ్చు. పడుగు పోగు ఒకటి, పేక పోగు ఒకటి విడిగా పీకి అగ్గిపుల్లతో కాల్చాలి. పట్టు వెంట్రుక కాలిన వాసనతో మెల్లగా కాలి, నలిపితే పొడయ్యే నల్లటి బూడిద మిగులుతుంది, మంట తీస్తే తనంతట తానే ఆరిపోతుంది. పాలియెస్టరు కరిగి గట్టి పూస కడుతుంది. నూలు కాగితంలా మండి మెత్తని బూడిద అవుతుంది. రెండు వైపుల పోగులనూ కాల్చమనడం ఎందుకంటే, పడుగు పట్టు, పేక పాలియెస్టరు ఉన్న ముక్కలు కూడా ఆ మూటలో ఉన్నాయి. జరీ సంగతి చెప్పనే అక్కరలేదు. అసలు జరీలో వెండి తీగ ఉంటుంది, నాకు దొరికిన అంచుల్లో ఉన్నది మెరిసే ప్లాస్టిక్ పోగు, ఇస్త్రీపెట్టె తగలగానే ముడుచుకుపోయింది. ఈ విషయం అడిగితే అంగడిలోని కుర్రవాడు, “పట్టో కాదో మేము రాసియ్యలేమక్కా, మూటలో వచ్చింది వచ్చినట్టు అమ్ముతాం,” అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ ధర చెప్పేటప్పుడు ధర్మవరం పేరు ఎందుకు చెప్పాలి? అంత గుడ్డ మధ్య అగ్గిపెట్టె తీయనివ్వరు, అది న్యాయమే. తూయించక ముందే రెండు పోగులు పీక్కొని బయట వీధిలోకి వెళ్లి కాల్చి చూసి రావచ్చు; అందుకు వారు అభ్యంతరం చెప్పలేదు. గుమ్మానికి తోరణంలా వేలాడదీయడానికో, సంచి మీద అంచుగా వేయడానికో మెరిస్తే చాలు అనుకుంటే కిలో 300కు అడగండి. నిజమైన పట్టు కావాలంటే ఇక్కడ వద్దు.

లేసులు, జిప్పులు, ఎలాస్టిక్ కూడా ఒక మూల పెట్టారు. వాటి జోలికి పోనక్కరలేదు, టైలరింగ్ సామాన్ల అంగడిలో ఇంతకన్నా మంచివి ఇదే ధరకు దొరుకుతాయి. బాలింతకు కానుకగా పొత్తిగుడ్డలు కుట్టిద్దామనుకునేవారికి ఒక మాట: ఎన్నో ఉతుకులు తిన్న పాత నూలు చీరంత మెత్తదనం ఈ కొత్త ముక్కలకు రాదు, వాటి రంగుల మీద నమ్మకమూ లేదు. ఆ పనికి ఇంట్లో పెట్టె తెరవండి.

తూకంలో మోసం నాకు కనిపించలేదు, కానీ ముక్కలను గోనెసంచితో సహా కాటా మీద పెడతారు కనుక, ఖాళీ సంచి బరువు తీసివేయించుకోవడం మనమే గుర్తు చేయాలి. అరకిలోకు తక్కువ ఇవ్వరు. వాపసు లేదు, మార్పిడి లేదు. ట్యూబులైటు వెలుతురులో బిస్కెట్టు రంగు, గోధుమ రంగు ఒకటిగా కనిపిస్తాయి, అందువల్ల గుమ్మం దాకా తీసుకొచ్చి చూడనిదే ఏ ముక్కనూ పక్కన పెట్టుకోవద్దు. పండుగల ముందు వెళ్లడం దండగ, మంచి ముక్కలన్నీ టైలర్లు అప్పటికే ఏరుకుపోయి ఉంటారు. దసరా, సంక్రాంతి అమ్మకాలు ముగిశాక పెద్ద అంగళ్లలో తానుల చివర్లు ఎక్కువగా మిగులుతాయి, ఆ తర్వాతి వారాల్లో సరుకు బాగుంటుంది. వెళ్లేటప్పుడు టేపు, చిన్న కత్తెర, మోసుకురావడానికి పెద్ద సంచి తీసుకెళ్లండి. అక్కడ కవరు ఇవ్వరు.