హికరీ పిడి పులాస్కీ: కొండదారుల పనికి కొనదగ్గదే

కాస్కేడ్ కొండల్లో మూసుకుపోయిన నడకదారుల్ని తిరిగి తెరిచే వాలంటీర్ పనికి వెళ్తుంటాను. సియాటిల్‌లో మనవాళ్లు కొందరు ఏ పనిముట్టు కొనాలని అడుగుతున్నారు. ఒక్కటే కొనేట్టయితే పులాస్కీ కొనండి.

ఒకవైపు గొడ్డలి, రెండోవైపు వడ్రంగి బాడిసలా అడ్డంగా తిరిగిన అంచు. పిడి మూడడుగులు. 1910లో ఐడహో, మోంటానా ప్రాంతంలో దాదాపు 30 లక్షల ఎకరాలు తగలబడ్డప్పుడు, తన మనుషుల్ని గని సొరంగంలోకి తీసుకెళ్లి చాలామందిని బతికించిన అటవీ రేంజర్ ఎడ్ పులాస్కీ పేరే దీనికి పెట్టారు. మంట పాకకుండా నేలమీది చెత్తా వేళ్లూ తీసేయడానికి వాడే పనిముట్టు ఇది. దారి పనీ అలాంటిదే.

మేం పనిచేసే ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్ అనే రక్షిత అడవిలో, 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం మోటారు పనిముట్లు వాడకూడదు. అడ్డంగా పడ్డ మానుల్ని ఇద్దరు లాగే రంపంతోనే కోస్తాం. అసలు శ్రమంతా ఆ తర్వాతే. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని దారికి వాలు వైపు అంచున మట్టి గట్టులా పేరుకుంటుంది. వాననీరు పక్కకి పోలేక దారినే కాలువ చేసేస్తుంది. బాడిస అంచుతో ఆ గట్టు తవ్వుతుంటే మణికట్టంత లావు హెమ్లాక్ చెట్టు వేరు తగులుతుంది. పనిముట్టు తిప్పి నాలుగు దెబ్బలు వేస్తే తెగిపోతుంది. గొడ్డలి ఎవరి దగ్గరుందో వెతుక్కోనక్కర్లేదు. గండి పడగానే బురదనీళ్లు సర్రున కిందికి జారిపోతాయి. అది చూస్తే ఎంత అలసటైనా ఎగిరిపోతుంది!

లోపాలూ ఉన్నాయి. బాడిస అంచు వెడల్పు తక్కువ కాబట్టి మట్టి ఎత్తిపోయడానికి, చదును చేయడానికి పనికిరాదు, పార కావాలి. రాయి తగిలితే మొద్దుబారుతుంది, వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆకురాయి పట్టాలి. అంచులకి వేయడానికి దీంతో వచ్చిన రబ్బరు తొడుగు కొండెక్కేలోపే ఊడిపోయింది, తోలుది విడిగా కొన్నాను. ఫైబర్ పిడి ఉన్నదైతే, అంచు రాయికి తగిలినప్పుడు మోచేతి దాకా జివ్వుమంటుంది. హికరీ చెక్క ఆ అదురు చాలావరకు తీసేసుకుంటుంది. అప్పుడప్పుడూ అవిసె నూనె రాస్తే చాలు.

మన ఊళ్లలో పలుగు భుజాన వేసుకున్నట్టు దీన్ని మోయకండి, కాలు జారితే మెడ మీదకే వస్తుంది. వాలు వైపు చేత్తో, ఇనుము దగ్గరగా పట్టుకుంటే పడబోయేటప్పుడు అటు విసిరేయొచ్చు.

ఇలాంటి వాలంటీర్ పని నడిపే వాషింగ్టన్ ట్రైల్స్ అసోసియేషన్ వాళ్లతో వెళ్తే పనిముట్లు, హెల్మెట్ వాళ్లే ఇస్తారు. ముందు అక్కడ పట్టి చూసి తర్వాత కొనండి. షాపులో పిడి చివర గమనించండి: చెక్క గీతలు గొడ్డలి అంచుకి సమాంతరంగా ఉన్నదే తీసుకోండి, అడ్డంగా ఉన్నది త్వరగా విరుగుతుంది.