జపాన్ రైల్ పాస్: ఎవరికి గిట్టుతుంది?

విదేశీ పర్యాటకులు జపాన్‌లో చాలా రైళ్లలో నిర్ణీత రోజులపాటు ఎన్నిసార్లయినా తిరిగేందుకు కొనే పాస్ ఇది. 2023 అక్టోబరులో ఏడు రోజుల సాధారణ తరగతి పాస్ ధరను 29,650 యెన్ల నుంచి 50,000కు పెంచేశారు. టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైల్లో రానుపోను ఛార్జీలు సుమారు 28,000 యెన్లే. అంతవరకే వెళ్లేవాళ్లు పాస్ కొనడం శుద్ధ దండగ, విడి టికెట్లే మేలు. వారంలో నైరుతి దీవి క్యూషూ దాకా వెళ్లి, దారిలో ఊళ్లు చూసేవాళ్లకే ఇది లాభం.

బుల్లెట్ రైళ్లలో అన్నిటికన్నా త్వరగా చేరే నోజోమి ఎక్కాలంటే పాస్ ఉన్నా అదనంగా కట్టాలి. కాస్త ఎక్కువ చోట్ల ఆగే హికారి రైలుకు అక్కర్లేదు, క్యోటోకు అరగంట ఆలస్యమవుతుందంతే. సీటు రిజర్వేషన్ ఉచితం, తప్పక చేయించుకోండి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే సామాను చోటున్న సీటే అడగాలి, లేకుంటే 1,000 యెన్ల రుసుము. టోక్యో మెట్రోలో పాస్ చెల్లదు. పాస్ పోగొట్టుకుంటే మళ్లీ ఇవ్వరు, జాగ్రత్త.