45-70, 444, 450: లివర్ రైఫిల్‌కు ఏ తూటా మేలు?

నల్గొండ, పాలమూరు దిక్కు బోరు అంటే నీళ్ల బోరే. తుపాకీ బోరు సంగతి వస్తే లైసెన్సున్న ఇళ్లల్లో ఉండేది పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, లేదంటే .315 బోల్టు రైఫిల్. ట్రిగ్గర్ కింది లివర్‌ను కిందికి గుంజి తూటా ఎక్కించే పెద్ద బోరు రైఫిల్ ఇక్కడ కనబడేది సినిమా తెర మీదే. కానీ దేవరకొండ నుంచో వనపర్తి నుంచో పోయి టెక్సస్‌లో స్థిరపడ్డవాళ్లకు అక్కడి పొలాలు తవ్వే పందులూ కొత్త కాదు, ఈ రైఫిళ్లూ కొత్త కాదు. కొనే ముందు వాళ్లకు తగిలే చిక్కుముడి ఈ మూడు తూటాల దగ్గరే: 45-70 గవర్నమెంట్, 444 మార్లిన్, 450 మార్లిన్.

పైపు కొనేటప్పుడు మనం మొదట అడిగేది "ఎన్ని కిలోల పైపు?" అని. నాలుగు కిలోల పైపుకు పది కిలోల ఒత్తిడి ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చదరపు సెంటీమీటరు మీద పడే ఆ కిలోల లెక్కే తూటాకూ వర్తిస్తుంది, కాకపోతే వేలల్లో. అమెరికాలో తూటాల కొలతలు ఖాయం చేసే సంస్థ సామీ. అది 45-70కి పెట్టిన హద్దు 28,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళం మీద పౌండ్లు), అంటే మన లెక్కన సుమారు 1,970 కిలోలు. 444కు 42,000, సుమారు 2,950 కిలోలు. 450కి 43,500, సుమారు 3,060 కిలోలు.

ఇది చూసి 45-70 బలహీనం అనుకుంటే పొరపాటు. ఆ హద్దు తూటాది కాదు, దాన్ని మొదట కాల్చిన తుపాకీది. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ కోసం పుట్టిన తూటా ఇది. పేరులో 45 అంటే 0.45 అంగుళం బోరు, 70 అంటే 70 గ్రెయిన్ల నల్లమందు (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు). ఆ పాత తుపాకులు ఇంకా జనం చేతుల్లో ఉన్నాయి కాబట్టే హద్దును కింద ఉంచారు. కొత్త మార్లిన్ 1895, జపాన్‌లో మిరోకు చేసే వించెస్టర్ 1886 అంతకన్నా చాలా ఎక్కువ తట్టుకుంటాయి. అందుకే ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్ల పుస్తకాల్లో 45-70కి మూడు మెట్లుంటాయి: ట్రాప్‌డోర్‌కు ఒకటి, 40,000 దరిదాపుల్లో లివర్ రైఫిల్‌కు ఒకటి, దానికి పైన రూగర్ నంబర్ వన్ లాంటి సింగిల్ షాట్‌కు ఇంకొకటి. పేరు ఒకటే, ఖోకా (తూటా ఇత్తడి డొప్ప) ఒకటే, మందు వేరు. మూడో మెట్టు తూటా మొదటి మెట్టు తుపాకీలో సాఫీగా కూర్చుంటుంది, ప్రమాదం అక్కడే ఉంది. పిస్టల్ తూటాలకు ఉన్నట్టు 45-70కి 'ప్లస్ పి' (మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి) అనే అధికారిక గుర్తు లేదు. ఎవరైనా అలా ముద్రిస్తే అది ఆ కంపెనీ సొంత మాట, కాబట్టి పెట్టె మీద ఏ తుపాకులకు పనికొస్తుందో రాసిన వరస చదవాలి.

ఇక బలం. పాత తరహా 405 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,330 అడుగుల వేగంతో పోతే దాని శక్తి 1,590 అడుగు-పౌండ్లు. అదే 45-70లో హోర్నడీ 325 గ్రెయిన్ల మెత్తటి మొన గుండు 2,050 అడుగుల వేగంతో 3,030 దాకా పోతుంది. 444లో 240 గ్రెయిన్లు 2,350 వేగంతో 2,940. 450లో 350 గ్రెయిన్లు 2,100 వేగంతో 3,430. పందికి వీటిలో ఏదైనా ఎక్కువే. భుజం మాత్రం ఊరుకోదు. గుండు బరువును వేగంతో గుణిస్తే, ఆ 450 తూటా 405 గ్రెయిన్ల 45-70 కన్నా 36 శాతం ఎక్కువ తోపు ఇస్తుంది. పైగా మందు బరువు ఎక్కువ కాబట్టి, మూడున్నర కిలోల రైఫిల్‌లో అసలు తేడా అంతకన్నా పెద్దదే.

ఒత్తిడి ఒక్కటే చూస్తే సగం లెక్కే అవుతుంది. బోల్టును, అంటే తూటా వెనక మూసి ఉంచే ఉక్కు భాగాన్ని, వెనక్కి తోసే బరువు ఎంతో చూడాలి: ఒత్తిడి గుణించు తూటా అడుగుభాగం వైశాల్యం. అందరికీ తెలిసిన 30-30 తూటా 42,000 పీఎస్‌ఐతో, అర అంగుళానికి తక్కువ వెడల్పున్న అడుగుభాగంతో, సుమారు 2.65 టన్నులు తోస్తుంది. 45-70 అడుగుభాగం వెడల్పు 0.505 అంగుళం, 28,000 దగ్గర తోపు 2.5 టన్నులే. అంటే హద్దులో ఉన్న 45-70 బోల్టుకు 30-30 కన్నా భారం కాదు. అదే 45-70ని 40,000కు ఎక్కిస్తే 3.6 టన్నులు. 444 అడుగుభాగం సన్నం కాబట్టి 42,000లోనూ 3.3 టన్నుల దగ్గర ఆగుతుంది. 450 నాలుగు టన్నులు దాటుతుంది. ఇవి పైకొలతలతో వేసిన లెక్కలు. ఇత్తడి ఖోకా గది (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) గోడను పట్టుకుంటుంది కాబట్టి బోల్టు మీద నిజంగా పడేది ఇంకొంత తక్కువ. గదిలో నూనె ఉంటే ఆ పట్టు పోతుంది. తుడిచిన తర్వాతే కాల్చాలి.

మార్లిన్ 1895 ఇప్పటి రూపం 1972లో, 30-30 కోసం ఉన్న 336 చట్రం మీదే వచ్చింది. బోల్టును ఆపేది వెనక ఉన్న ఒకే ఒక్క తాళం. గది పెద్దదైన కొద్దీ బ్యారెల్ మరల దగ్గర మిగిలే ఉక్కు పలచబడుతుంది. అందుకే ఒత్తిడి ఎక్కువున్న తూటాలు రోజూ వాడితే తుపాకీ ఒక్కసారిగా పేలకపోవచ్చు, కానీ తాళం దగ్గర సందు పెరుగుతుంది. ఖోకా అడుగున పావు అంగుళం పైన మెరిసే గీత కనబడిందంటే అది సాగుతోందని గుర్తు. అక్కడే తెగుతుంది.

"ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే చిన్న టోపీ) చదునైతే ఆపేస్తాం" అనే మాటను మాత్రం నమ్మొద్దు. ఇత్తడి ఆ గుర్తులు చూపేది చాలా సార్లు 60,000 దరిదాపుల్లో. 28,000 హద్దున్న తుపాకీ అప్పటికే హద్దుకు రెట్టింపు దాటి ఉంటుంది. లివర్ బిగుసుకోవడం కాస్త ముందే తెలుస్తుంది, ఎందుకంటే బోల్టు రైఫిల్‌లా మెలితిప్పి ఖోకాను వదులు చేసే ఏర్పాటు మామూలు లివర్‌కు లేదు. లివర్ గట్టిగా వస్తే ఆ పెట్టెలోని మిగతా తూటాలు పక్కన పెట్టండి.

ఇంకో తికమక అంకెల్లోనే ఉంది. 444 హద్దు ఒక పుస్తకంలో 44,000 అనీ, ఇంకొకదానిలో 42,000 అనీ కనబడుతుంది. రెండూ నిజమే. మొదటిది రాగి ముక్క ఎంత నలిగిందో చూసి కొలిచే పాత పద్ధతి, సీయూపీ. రెండోది పీఎస్‌ఐ. ఒకదాన్ని రెండోదిగా మార్చే ఒకే సూత్రం లేదు, కాబట్టి రెండు పుస్తకాల అంకెలను కలిపి లెక్క వేయొద్దు.

444 1964లో వచ్చింది. పేరు వెనుక ఒక్కటే ఒత్తిడి మెట్టు, మోసం లేదు. చిక్కు గుండుతోనే. 44 మాగ్నం పిస్టల్ గుండ్లు దీనిలో పడతాయి గానీ, సుమారు 1,400 అడుగుల వేగానికి చేసినవి 2,300 దగ్గర చర్మం దాటగానే ముక్కలవుతాయి. పాత రైఫిళ్లలో గుండును తిప్పే బ్యారెల్ లోపలి గాడి 38 అంగుళాలకు ఒక చుట్టు మాత్రమే, 300 గ్రెయిన్ల పైన బరువున్న పొడుగు గుండు గాలిలో నిలకడగా పోదు. పాతది కొంటే గాడి కొలిచి చూసుకోవాలి.

450ని 2000లో హోర్నడీ, మార్లిన్ కలిసి తెచ్చాయి. 45-70 బలమైన తూటా పాత తుపాకీలో పడే ప్రమాదం లేకుండా ఖోకా అడుగున వెడల్పు పట్టీ పెట్టారు. ఆలోచన మూడింటిలోకీ మంచిదే. అంగడి మాత్రం ఒప్పుకోలేదు. తూటాలు దొరకడం కష్టం, ధర ఎక్కువ, అదనంగా వచ్చే బలం పందికి అక్కర్లేనిది.

కొత్త రైఫిల్ కొనేవాళ్లకు 45-70నే, పెట్టె తూటాలతో. ఇంట్లో నింపుకోవాలనుకుని, పాత తుపాకులు అసలు లేనివాళ్లకు 444 నికరమైనది. 450 ఇప్పటికే చేతిలో ఉంటే వాడుకోండి, వెతికి కొనకండి.

ఏది తీసుకున్నా గొట్టం మ్యాగజైన్ సంగతి ఒకటే. తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ముందుదాని ప్రైమర్‌కు వెనకదాని మొన ఆనుతుంది. గట్టి మొన గుండు పెడితే తోపుకు లోపలే పేలొచ్చు. చదును మొన గానీ, దీనికోసమే చేసిన మెత్తటి ప్లాస్టిక్ మొన గానీ పెట్టాలి. తోపుకు గుండు ఖోకాలోకి జారినా ఒత్తిడి పెరుగుతుంది. నాలుగు కాల్చాక మ్యాగజైన్‌లో మిగిలిన తూటాను తీసి, పెట్టెలోని కొత్తదాని పక్కన వెర్నియర్‌తో పొడవు కొలవండి. పొట్టిదైతే దాన్ని మళ్లీ ఎక్కించొద్దు.