ఐదుగురికి ఒకటే టికెట్: మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్

వెళ్లి రావడానికి ఐదుగురికీ కలిపి 69 యూరోలు. 2024 జూన్‌లో మాకైన రైలు ఖర్చు ఇంతే. ఇది ముందే తెలిసుంటే మాకో 50 యూరోలు మిగిలేవి.

మ్యూనిక్‌లో మేం దిగిన లాడ్జిలో టూర్లు బుక్ చేసే ఒకతను ఉన్నాడు. సాల్జ్‌బర్గ్‌కి బస్సులో తలకి 65 అన్నాడు. రైల్లో అయితే ఎవరి టికెట్ వాళ్లు కొనాలి, ఇంతకంటే ఎక్కువే అవుతుందని నమ్మించి, 50 యూరోలు అడ్వాన్స్ కూడా తీసుకున్నాడు. రాత్రి మా బావమరిది ఫోన్లో వెతికి బయర్న్ టికెట్ సంగతి పట్టుకున్నాడు. మ్యూనిక్ ఉన్న జర్మనీ రాష్ట్రం బయర్న్‌లో (బవేరియా) ప్రాంతీయ రైళ్లలో రోజంతా తిరగడానికి గుంపుగా కొనుక్కునే టికెట్ అది. కిందికెళ్లి అడిగితే ఆ టూర్ల అతను అడ్వాన్స్ వెనక్కి ఇవ్వనన్నాడు. ఆ డబ్బు వదులుకున్నా మాకు 119 అవుతుంది, బస్సుకైతే 325. అయినా పెద్దవాళ్లని పక్కన పెట్టుకుని వెళ్లినవాళ్లకి అలా అబద్ధం చెప్పడం నాకిప్పటికీ మింగుడుపడలేదు. నాన్న ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

ఈ టికెట్ అప్పట్లో మొదటి మనిషికి 29, ఆపై ఒక్కొక్కరికి 10, ఐదుగురి దాకా. రేటు మారుతూ ఉంటుంది, కొనేముందు చూసుకోండి. అందరి పేర్లూ టికెట్ మీద ఉండాలి. సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో ఉన్నా అక్కడి మెయిన్ స్టేషన్ వరకు చెల్లుతుంది. ప్రాంతీయ రైళ్లే ఎక్కాలి. ఐసీఈ, యూరోసిటీ, రైల్‌జెట్ లాంటి దూరప్రాంతాల ఎక్స్‌ప్రెస్ రైళ్లు మన ప్లాట్‌ఫాం మీదకే వచ్చినా ఎక్కకండి. మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే. మేం మంగళవారం వెళ్లాం. నాన్న ఏడింటికే తయారై కూర్చుని, తొమ్మిదిదాకా ఆగాలా అని విసుక్కున్నారు. అయినా సీట్ల రిజర్వేషన్ ఉండని రైళ్లు కాబట్టి, పెద్దవాళ్లతో వెళ్తే వారం మధ్యలోనే వెళ్లమంటాను.

సాల్జ్‌బర్గ్‌లో మిరాబెల్ తోట, పాత ఊరు, సంగీతకారుడు మోట్సార్ట్ పుట్టిన ఇల్లు చూశాం. తోటకి టికెట్ లేదు. అమ్మ మోకాళ్ల నొప్పులతో అక్కడ బెంచీ మీదే గంటసేపు హాయిగా కూర్చుంది. అక్కడి సిటీ బస్సుల్లో మాత్రం ఈ టికెట్ చెల్లదు. పాస్‌పోర్టులు తప్పకుండా దగ్గరుంచుకోండి, వచ్చేటప్పుడు సరిహద్దులో పోలీసులు రైలెక్కి చూశారు. అమ్మకి కాసేపు టెన్షన్.

మ్యూనిక్‌లో దిగాక లాడ్జికి మెట్రోలో కూడా అదే టికెట్ మీద వచ్చాం. అతను కౌంటర్లోనే ఉన్నాడు. ఐదు పేర్లున్న ఆ టికెట్‌ని నాన్న అతని ముందు పెట్టారు. అతను ఒకసారి చూసి, మాట్లాడకుండా కంప్యూటర్ వైపు తిరిగాడు. 50 యూరోలు మాత్రం ఇవ్వలేదు.