సిగ్నల్ యాప్: న్యూస్ డెస్క్‌లో ఏళ్ల తరబడి వాడాక

జనం పంపే ఫోటోలు, వీడియోలు చూసే డెస్క్‌లో పనిచేస్తాను. నచ్చని వార్త వేస్తే ప్రకటనలు ఆగిపోవడం, కేసులు పడడం మా ఆఫీసుకు కొత్త కాదు. అందుకే సమాచారం ఇచ్చేవాళ్లతో మాటలన్నీ సిగ్నల్ అనే ఈ మెసేజింగ్ యాప్‌లోనే. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. పోయిన ఆ ఒక్క మార్కు గురించే ఎక్కువ చెప్పాలి.

ముందు మంచి సంగతి. ఈ యాప్ మన గురించి దాచుకునేది దాదాపు శూన్యం. 2016లో అమెరికాలో గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) సమాచారం అడిగితే, ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్టయ్యారు అన్నవి తప్ప ఇవ్వడానికి సిగ్నల్‌వాళ్ల దగ్గర ఏమీ లేదు. ఖాతా తెరవడానికి ఫోన్ నంబరు ఇప్పటికీ కావాలి. సిమ్‌కు గుర్తింపు కార్డు ముడిపడ్డ దేశాల్లో అది పెద్ద తలనొప్పే. 2024లో యూజర్‌నేమ్‌లు వచ్చాక మాత్రం, మన నంబరు సేవ్ చేసుకోని అవతలివాళ్లకు అది కనబడకుండా పోయింది. నంబరు ఎవరూ చూడకుండా ముందే అమరి ఉంటుంది గానీ, నంబరుతో ఎవరూ వెతకకుండా మాత్రం సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే మార్చుకోవాలి. చాలామంది ఈ రెండోది వదిలేస్తారు.

ముఖాలు మసకచేసే సదుపాయం 2020 జూన్ నుంచి ఉంది. బాగానే పనిచేస్తుంది, కానీ దాన్నే నమ్ముకుని కూర్చుంటే కుదరదు. ఒక నిరసన ఫోటోలో ముందు వరస ముఖాలన్నీ చక్కగా మసకబారాయి. పక్కకు తిరిగి నిలబడ్డ ఒకాయన చెంప, ఆయన ఆనుకున్న బండి నంబరు ప్లేటు మాత్రం అద్దంలా మిగిలాయి. అలాంటివి వేలితో రుద్ది చెరపాల్సిందే. వీడియోలకు ఈ సదుపాయం లేదు. పైగా వీడియోలో గొంతు కూడా ఉంటుంది!

ఫోటోను మామూలుగా పంపితే, ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు అన్న వివరాలను యాప్ తీసేస్తుంది. పంపినవాళ్లకు అది రక్షణే. నిజమో కాదో తేల్చాల్సిన మాకు మాత్రం చిక్కు. ఒరిజినల్ కావాలంటే ఫైల్‌గా పంపమని అడగాలి, అప్పుడు ఆ రిస్కు వాళ్ల నెత్తిన పడుతుంది. నేనైతే ముందు మామూలు ఫోటోనే తీసుకుంటాను. వార్త పడుతుందన్న నమ్మకం కుదిరాకే ఒరిజినల్ అడుగుతాను.

ఇక ఆ మార్కు సంగతి. మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే టైమర్ ఈ యాప్‌లో అందరూ మెచ్చుకునే గుణం. పంపేవాళ్లు వారం పెడతారు, భయస్తులైతే ఒక రోజు. ఇటు ఆఫీసులో ఐటమ్ పైకి వెళ్తుంది. "బాగుంది, లీగల్‌వాళ్లు చూశాక వేద్దాం, అప్పటిదాకా హోల్డ్‌లో పెట్టండి" అంటారు. వద్దని ఎవరూ అనరు. సోమవారం వచ్చిన వీడియో మీద వచ్చే బుధవారం చర్చ జరిగేసరికి, ఆ చోటేమిటో, ఆ మాట అన్నదెవరో వివరిస్తూ వచ్చిన మెసేజ్‌లు ఉండవు. అడుగుదామంటే ఆ మనిషి ఖాతా తీసేసి ఉంటాడు. "ఆధారం ఏదీ?" అని అప్పుడడుగుతారు. వార్త చచ్చిపోతుంది, చంపినవాడెవడూ ఉండడు. అందుకని వచ్చిన రోజే, పంపినవాళ్ల అనుమతితో వీడియోనూ వివరాలనూ, పేరు మాత్రం రాయకుండా, ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేని) డిస్కులోకి ఎక్కించేస్తాను.

అలాగని ఎడిటర్లందరినీ పిరికివాళ్లని అనలేను. 2022 మార్చిలో రష్యా సైన్యం గురించి 'అబద్ధపు' వార్తలకు 15 ఏళ్ల దాకా జైలు అని చట్టం తెచ్చారు. అంతకుముందు ఏడాదే సంపాదకుడికి నోబెల్ శాంతి బహుమతి వచ్చిన రష్యా పత్రిక నోవయా గజెటా కూడా యుద్ధం వార్తలను సైట్ నుంచి తీసేసుకుంది, ఆ నెల 28న ప్రచురణే ఆపేసింది.

ఫోన్ వేరేవాళ్ల చేతికి చిక్కితే ఎన్‌క్రిప్షన్ అక్కరకు రాదు. ఆండ్రాయిడ్‌లో సిగ్నల్ ఐకాన్‌ను వాతావరణం, నోట్స్ లాంటి పేర్లతో మార్చుకోవచ్చు గానీ, తెరిచి చూసేవాడి ముందు అది నిలవదు. మన ఖాతాకు లింక్ చేసిన పరికరాల జాబితా కూడా అప్పుడప్పుడు చూసుకోండి. క్యూఆర్ కోడ్‌తో మోసం చేసి తమ పరికరాన్ని జతచేసుకునే ముఠాల గురించి 2025 ఫిబ్రవరిలో గూగుల్ హెచ్చరించింది.

నెట్ మొత్తం ఆపేస్తే సిగ్నల్ మూగబోతుంది. ఆ రోజుల కోసం నా ఆండ్రాయిడ్ ఫోన్లో బ్రయర్ అనే ఇంకో మెసేజింగ్ యాప్ కూడా ఉంచాను. దగ్గర్లో ఉన్నవాళ్లకు బ్లూటూత్‌తోనే మెసేజ్ వెళ్తుంది. దూరంగా ఉన్నవాళ్లను అందులో చేర్చుకోవాలంటే మాత్రం నెట్ ఉన్నప్పుడే ఆ పని కానిచ్చేయాలి.